పిట్టలకు పందిరి

సిరిసిల్ల దగ్గర మానేరు జలాశయంలో ఒక బోడి గుట్ట ఉంది. కట్ట కట్టినప్పుడు చుట్టూ ఉన్న ఊళ్ళూ పొలాలూ మునిగిపోగా అది నడుము దాకా మునిగి, నెత్తి మాత్రం పైకి పెట్టుకుని మిగిలింది. ఎండాకాలం నీళ్ళు దిగితే దాని చుట్టూ గులకరాళ్ళ నేల బయటపడుతుంది. చేపలు పట్టేవాళ్ళు దాన్ని గుట్ట అనే అంటారు. దాన్ని దీవి చేసిన ఘనత నాది. "ఐలాండ్ వైల్డ్‌లైఫ్ ఎకాలజీ టూర్" అని రాసి కాలేజీ బోర్డు మీద నా చేత్తోనే అంటించాను. పిల్లలు అండమాన్ అనుకున్నారు. వీర్నపల్లి నుంచి వచ్చే ఒక కుర్రాడు నల్ల కళ్ళద్దాలు, పూల చొక్కా కొనుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, విమానమా, ఓడనా?"

"బస్సు," అన్నాను.

"బస్సుల ఐలాండుకు ఎట్ల పోతం సార్?"

"కొడిమ్యాల మీదికెళ్ళి."

వాడి మొహం చూసి నవ్వుకున్నాను. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు సిగ్గు పడుతున్నానని రాయడం తేలిక. నిజానికి ఆ టూరులో నవ్వదగ్గ మనిషి వాడు కాడు.

నేను జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఉండేది కోరుట్లలో. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. కిటికీ పక్క సీటు దొరికితే ఒళ్ళో పక్షుల పుస్తకం తెరిచి పెట్టుకుంటాను. చదవడానికి అనుకునేరు, పక్కవాడు "మీరు సారా?" అని అడగడానికి. మాది తాళ్ళెక్కే కుటుంబం. ఇంట్లో మోకు పట్టిన చివరి మనిషి మా నాయన. నేను తాటిచెట్టు ఎక్కిన పాపాన పోలేదు గానీ, క్లాసులో మాత్రం "నా చిన్నప్పుడు తాటి మట్టల మధ్య గిజిగాడి గూళ్ళు చేత్తో తాకి చూసేవాణ్ణి" అని చెబుతాను. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అట్లా వింటారు కాబట్టే ప్రతి ఏడూ ఆ చెట్టు కొంచెం ఎత్తు పెరుగుతూ వచ్చింది.

టూరు ఆలోచన మా ప్రిన్సిపాల్‌ది. విద్యార్థులకు ఒక చదువు యాత్ర, ఒక సేవా కార్యక్రమం ఉండాలని పైనుంచి చెప్పారట. ఆయన స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే నిలబడి తేల్చేశాడు.

"చదువు వేరే, సేవ వేరే ఎందుకు సార్? రెండు గలిపి ఒక్క దెబ్బకు కొట్టెయ్యుర్రి. పిట్టలను సూసినట్టు ఉండాలె, పిట్టలకు ఏదన్న చేసినట్టు ఉండాలె."

చేసినట్టు ఉండాలి. ఆయన అనుకోకుండా అన్న ఆ ముక్కలోనే తర్వాత జరిగినదంతా ఉంది. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఆ గుట్ట సంగతి నాకు చెప్పింది మా రెండో సంవత్సరం అమ్మాయి. సిరిసిల్ల పిల్ల, నేతపని వాళ్ళ ఇంటి బిడ్డ. వాళ్ళ నాన్న ఒక సేటు షెడ్డులో సాంచెలు నడుపుతాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. ఆ పిల్ల జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. సెలవుల్లో జలాశయం ఒడ్డుకు పోయి గుట్ట వైపు చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు. ఒకరోజు క్లాసు అయ్యాక వచ్చి, గుట్ట కింద రాళ్ళలో తెల్లపిట్టలు గుడ్లు పెడుతున్నాయని చెప్పింది. నెత్తి మీద నల్ల టోపీ, పసుపు ముక్కు, చీలిన తోక. నేను పుస్తకం తీసి ఇది రివర్ టర్న్ అని చూపించాను. ఆమె సంతోషపడింది. నేను అంతకన్నా సంతోషపడి, మర్నాడే ప్రిన్సిపాల్ దగ్గర ఆ పిట్టలను నేనే కనిపెట్టినట్టు చెప్పాను.

సరే, మార్చి చివర్లో బయల్దేరాం. బస్సు ముందు ఫ్లెక్సీ. తలల మీద టోపీలు, టోపీల మీద నినాదం. పడవ ఎక్కేముందు ఫొటో, ఎక్కాక ఫొటో, దిగుతుండగా ఒకమ్మాయి చెప్పు నీళ్ళలో పడితే దాన్ని తీస్తూ ఫొటో. పిట్టలను చూడటానికి వచ్చిన మనుషుల్ని చూసి పిట్టలన్నీ లేచి మా నెత్తుల మీద అరుస్తూ తిరిగాయి. గుడ్లు ఎక్కడున్నాయో మొదట ఎవరికీ కనిపించలేదు. రాయి రంగు, రాయి మీది మచ్చలు. సిరిసిల్ల అమ్మాయి చేతులు చాపి అందర్నీ ఆపేసింది.

"ఎవ్వరు కదలకుర్రి. కాళ్ళ కిందనే ఉన్నయ్."

మేము వెనక్కి జరిగి దూరంగా కూర్చున్నాం. కాసేపటికి పిట్టలు దిగాయి. కాలేజీ బైనాక్యులర్ చేతులు మారింది. ఆ కాస్సేపే నిజంగా చదువు జరిగింది. అందులో నా పాత్ర లేదు. ఎండ మండుతుంటే ఒక పిట్ట లేచి నీళ్ళ దాకా పోయి, కడుపు ముంచి, తడి ఈకలతో తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. దానికి దగ్గర్లోనే ఒక తీతువు కూడా అదే పని చేసింది.

"సూడుర్రి సార్, కూలర్ పెడుతున్నయ్!" అంది ఆ అమ్మాయి.

అందరూ నవ్వారు. నేను మాత్రం గంభీరంగా నిట్టూర్చాను. "పాపం, మూగజీవాలు. ఎండకు ఎంత గోస పడుతున్నాయో," అన్నాను. జీవశాస్త్రం చెప్పేవాడు చూడాల్సింది ఆ పిట్ట ఎండను ఎట్లా గెలుస్తోందో. నేను చూసింది నా దయాగుణాన్ని.

ఇక సేవ మిగిలింది. ప్లాస్టిక్ ఏరుదామని సంచులు తెచ్చాం. మనుషులు పోని చోట ప్లాస్టిక్ ఎక్కడిది? దొరికిందంతా మేము తిన్న ఉప్మా పొట్లాలే. సంచులు ఖాళీగా ఉంటే ఫొటోలో బాగుండదని ఒకాయన వాటిలో గడ్డి కుక్కించాడు. ఆయన మా తెలుగు లెక్చరర్. ఆ ఆలోచనకు ఆయన్ను చిన్నచూపు చూశాను. అంతలోనే నాకు అంతకన్నా గొప్ప ఆలోచన వచ్చింది.

మా వైపు ఎండలు ముదిరితే ప్రతి చౌరస్తాలో ఒక పందిరి లేస్తుంది. నాలుగు గుంజలు, పైన బట్ట, కింద నీళ్ళ రంజన్లు, పక్కన దాత పేరు. దాహంగా వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి నీడన నిలబడి పోతారు. మంచి పని. ఎండాకాలంలో మా వాళ్ళకు పుణ్యం అంటే మొదట గుర్తొచ్చేది పందిరే. నాకూ అదే గుర్తొచ్చింది.

"మనుషులకు వేస్తాం. పిట్టలకు ఎందుకు వెయ్యొద్దు?" అన్నాను లేచి నిలబడి.

చప్పట్లు కొట్టారు. తెలుగు లెక్చరర్ కళ్ళు తుడుచుకున్నాడు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే, "సార్, గిది మస్తున్నది! పెద్దలను గూడ పిలుస్తా, ఎల్లుండి దాక అక్కడనే ఉండుర్రి," అన్నాడు. సిరిసిల్ల అమ్మాయి ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

"సార్, అవి పందిరి కింద కూసుంటయా? మీద ఏదన్న కదిలితె గద్ద అనుకుంటయ్ గద."

"నీడ ఎవరికి చేదమ్మా?" అన్నాను. ఇది జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. కానీ చప్పట్లు పడిన తర్వాత వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

ఆ సాయంత్రం బట్ట ఆ సేటే ఇచ్చాడు, ఆ అమ్మాయి నాన్న పనిచేసే షెడ్డు యజమాని. ఏదో ఆర్డరు తిరిగొచ్చి మూలన పడి ఉన్న పాలిస్టర్ తాన్లు. వంకాయ రంగు, మెరుపు. షెడ్డులో సాంచెల చప్పుడుకు వినపడక ఆయన మమ్మల్ని బయటికి తీసుకొచ్చి మరీ గుణగణాలు చెప్పాడు.

"ఎండకు రంగు పోదు సారు, గాలికి చిరగది. పిట్టలేంది, పిట్టల మనుమలు మనుమరాండ్లు గూడ దీని కిందనే సంసారం జేస్తరు."

అమ్మాయి నెమ్మదిగా, "గంత మెరిస్తె పిట్టలు బెదురుతయి కావచ్చు," అంది.

సేటు నవ్వాడు. "ఏం బిడ్డా, మీ నాయన నేసిన బట్టకే వంక వెడ్తున్నవా? పో, లోపటికి పోయి అడుగు."

తలుపులోంచి వాళ్ళ నాన్న కనిపిస్తున్నాడు. తెగిన పోగు ముడి వేస్తూ మా వైపు చూసి నవ్వి దండం పెట్టాడు. ఆమె ఎందుకు ఊరుకుందో నాకు తెలుసు. తెలిసీ, అది ఒప్పుకోవడం కింద జమ కట్టుకున్నాను.

మర్నాడు పందిళ్ళు వేశాం. వెదురు గుంజలు పాతుతుంటే పిట్టలు మా తలల మీదికి దూసుకొచ్చాయి. పూల చొక్కా కుర్రాడి టోపీని ఒకటి ముక్కుతో కొట్టింది.

"సార్, థాంక్స్ చెప్తున్నయ్ సార్!" అని వాడు అరిచాడు.

బట్ట గుట్టకు ఒక పక్కకే సరిపోయింది. అవతలి కొసకు చాలలేదు. గాలికి వంకాయ రంగు పాలిస్టర్ తపతపా కొట్టుకుంటుంటే దూరం నుంచి పెళ్ళి మండపంలా ఉంది. పడవ నడిపే ఆయన్ను ఎలా ఉందని అడిగాను. పుస్తకాల్లో అయితే ఇలాంటి మనిషి ఒక తెలివైన మాట అని నా కళ్ళు తెరిపించాలి. ఆయన, "మస్తున్నది సార్. బట్ట మిగిలితె నాకియ్యుర్రి, ఆటోకు పరదా కట్టుకుంట," అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. పిట్టలు దిగలేదు. పందిళ్ళ పైన గుంపుగా తిరుగుతున్నాయి, అరుస్తున్నాయి, కొద్దిగా కిందికి వచ్చి బట్ట కదలగానే మళ్ళీ లేస్తున్నాయి. అమ్మాయి నా పక్కన నిలబడి చూస్తోంది.

"దిగుతలేవు సార్."

"అలవాటు పడతాయి."

"ఎప్పటికి సార్?"

"సాయంత్రానికి."

ఎక్కడ చదివానని అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. ఆమె అడగలేదు. సార్ చెప్పారంటే ఎక్కడో ఉండే ఉంటుందని ఇంకా నమ్ముతున్న రోజులు అవి. సాయంత్రానికి దిగినవి కాకులు. అంతకుముందు ఆ బోడి గుట్ట మీద వాటికి వాలడానికి ఒక కొమ్మ లేదు. మేము గుంజలు పాతి ఇచ్చాం. ఒక్కో గుంజ మీద ఒక్కో కాకి కూర్చుని, మెడ వంచి కిందికి చూస్తోంది.

"సార్, తీసేద్దాం సార్. ఇప్పుడే తీసేద్దాం. మీకు దండం వెడ్త."

నాకు కాకులు కనిపిస్తున్నాయి. అవి ఏం చేస్తాయో పరీక్షలో ప్రశ్నగా వస్తే నేను పూర్తి మార్కులు తెచ్చుకోగలను.

"రేపు పొద్దున పెద్దలు వస్తున్నారమ్మా. ఫొటో అయిపోగానే తీసేద్దాం. ఒక్క పూటలో ఏమైతది?" అన్నాను.

ఆ రాత్రి ఒడ్డున ఒక ఫంక్షన్ హాలులో పడుకున్నాం. నాకు బాగా నిద్ర పట్టింది. పట్టలేదని రాయాలని ఉంది, కానీ పట్టింది.

తెల్లవారి ఒడ్డుకు వచ్చేసరికి పడవ లేదు. గుట్ట మీద ఒక పందిరి కూలి ఉంది, రెండోదాని దగ్గర ఆ అమ్మాయి, పడవాయన. నేను ఫోన్లో అరిచి పడవను వెనక్కి పిలిపించుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి ఆ అమ్మాయి తీసేసిన బట్టను మడత పెట్టి పక్కన ఉంచింది. కూలిన పందిరి చోట ఒక పిట్ట అప్పుడే దిగి గుడ్ల మీద కూర్చుని ఉంది. దాన్ని వేలితో చూపించింది. మాట్లాడలేదు, మాట్లాడితే లేస్తుందని.

నేను మాట్లాడాను. గట్టిగానే మాట్లాడాను.

"ఎవర్నడిగి తీసినవు? కాలేజీ పరువు తీస్తవా? సేటుకు ఏం చెప్పాలె, మీ నాయన ఏం చెప్తడు?"

పిట్ట లేచిపోయింది. అమ్మాయి నా మొహం వైపు చూసింది. వాళ్ళ నాన్న మాట ఎందుకు తెచ్చానో ఆమెకు అర్థమైంది. అర్థం కావాలనే తెచ్చాను.

"కట్టు," అన్నాను.

ఆమె వంగి కట్టింది. నేతపని వాళ్ళ వేళ్ళు, ముడి పడటం కనిపించలేదు కూడా. పిల్లలందరి కన్నా గట్టి ముళ్ళు ఆమెవే. గాలికి ఆ ఒక్క పందిరి మాత్రం అస్సలు ఊడలేదు.

పెద్దలు ఆలస్యంగా వచ్చారు. ప్రిన్సిపాల్ కొత్త చొక్కా వేసుకున్నాడు. సేటు తన పేరున్న ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. పందిరి కింద గుడ్లు చూపించమని ఒక పెద్దమనిషి అడిగితే నేను వంగి వెతికాను. పెంకులున్నాయి. రాళ్ళకు అంటుకుని ఎండిపోతున్న పసుపు సొన ఉంది. నిలబడి, "తల్లి దగ్గర్లో ఉంది సార్, మనం దూరంగా ఉండటమే మంచిది," అన్నాను. ఆయన నా విజ్ఞానానికి మెచ్చుకుని వెనక్కి జరిగాడు. ఫొటోలో నేను మధ్యలో ఉన్నాను.

తర్వాత గుంజలు పీకేశాం. నీడ పట్టడానికి కింద ఏమీ మిగలలేదు కాబట్టి పీకడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మేము బట్ట చాలక వదిలేసిన అవతలి కొసలో మాత్రం పిట్టలు కూర్చునే ఉన్నాయి. మా దయ అక్కడిదాకా అందలేదు.

జగిత్యాలకు వచ్చాక కాలేజీలో సభ పెట్టారు. శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ మైకులో, "సార్ చిన్నప్పుడు తాటిచెట్ల మీద పిట్టలతో ఆడుకున్నరు, గందుకే గంత ప్రేమ," అన్నాడు. ఆ అబద్ధం నా దగ్గరే నేర్చుకున్నాడు. చివర్లో ప్రకటించాడు: వచ్చే వారం రెండో బ్యాచ్. సేటు ఇంకా బట్ట ఇస్తానన్నాడు. ఈసారి గుట్ట అవతలి కొస కూడా పూర్తిగా కప్పుతారు.

సభ అయ్యాక ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కు వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"సార్, నన్ను తిట్టుర్రి, ఏమన్న చెయ్యుర్రి. ఆ కొసకు పోనియ్యకుర్రి. గింకొన్ని రోజులైతె పిల్లలైతయ్ సార్. అవ్వే మిగిలినయి."

"నేను చూసుకుంటాలే," అన్నాను.

"సూసుకుంటరా సార్?"

ఒక విద్యార్థి తన సారును ఆ మాట అలా అడగకూడదు. నేను అడిగించుకున్నాను.

ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. నిజం చెప్పాలనే వెళ్ళాను. మన పందిళ్ళ వల్ల పిట్టలు గుడ్లు వదిలేశాయి, కాకులు తిన్నాయి, తప్పు నాది అని దారిలో మనసులో వరుసగా పేర్చుకున్నాను. ఆయన నన్ను చూడగానే లేచి, "రాండ్రి రాండ్రి, మన కాలేజీ పక్షిరాజా!" అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఫ్రేము కట్టించిన ఫొటో గోడకు ఎక్కడ పెడితే బాగుంటుందో అడిగాడు. చాయ్ పూర్తయ్యేసరికి నేను పేర్చుకున్నదంతా ఎటో పోయింది. శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది.

"సార్, ఒక చిన్న సమస్య," అన్నాను.

"ఏంది?"

"గుట్ట మీద పాములున్నయ్."

ఆయన కప్పు కింద పెట్టాడు. "పాములా?"

"ఎండకు బయటికొస్తున్నయ్. రక్తపింజర. మొన్న పిల్లలు భయపడతరని చెప్పలేదు."

"అమ్మో! గిప్పుడా చెప్పేది? ఏ పిల్లకన్న కరిస్తె తల్లిదండ్రులు నన్ను బతకనిస్తరా? క్యాన్సిల్. సేటుకు నేను చెప్త. రెండో బ్యాచును జల్ది కొండగట్టుకు కొట్టెయ్యుర్రి, కోతులకు అరటిపండ్లు పెట్టి వస్తరు."

అంతే అయిపోయింది. ఆయన ఒక్క రుజువు కూడా అడగలేదు. పిట్టల గురించి నిజం చెప్పడానికి నాకు లేని ధైర్యం, పాముల గురించి అబద్ధం చెప్పడానికి ఇంత సులువుగా ఎక్కడి నుంచి వచ్చిందో.

ఉగాది తర్వాత ఒక ఆదివారం జలాశయం ఒడ్డుకు వెళ్ళాను. ఆ అమ్మాయి అక్కడే ఉంది, పక్కన వాళ్ళ నాన్న. ఆయన లేచి దండం పెట్టాడు. నేను ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆమె కాలేజీ నుంచి అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్ కళ్ళ దగ్గర పెట్టుకుని, దించకుండానే చెప్పింది.

"పిల్లలైనయ్ సార్. ఉరుకుతున్నయ్. రాళ్ళ రంగే ఉన్నయ్, ఆగితె కనవడ్తలేవు."

నాకు సంతోషం పొంగింది. ఆ పొంగులోనే నా పాత బుద్ధి కూడా లేచింది. టూరు ఎట్లా ఆగిపోయిందో ఆమెకు తెలియదు కదా. ప్రిన్సిపాల్ గది, చాయ్, రక్తపింజర, ఆయన కప్పు కింద పెట్టిన తీరు, అంతా రక్తి కట్టించి చెప్పాను. వాళ్ళ నాన్న పడిపడి నవ్వాడు. "సార్ మస్తు దిమాక్ పెట్టిండు!" అన్నాడు. నేను ఆమె వైపు చూశాను, ఆమె కూడా ఏదో ఒకటి అంటుందని.

ఆమె బైనాక్యులర్ దించి నా వైపు తిరిగింది. కోపం లేదు. అంతకుముందు ఉన్నదేదో కూడా లేదు.

"గీ పాముల ముచ్చట మొదటి రోజే చెప్పకపోతిరి సార్," అంది.